థర్మాకోలీయము: ఒక చిన్న సినిమా టైటిల్స్‌కు టీకా తాత్పర్యము

మూలము

ఆ.వె.
కథయు మాట పాట కట్టెద నేనన్న
వాడె కెమెర పట్టె, వాడె కోసె;
అమ్మ వండిపెట్టె, నన్నయ్య బండిచ్చె;
ఊరు నటన చేసె నుచితముగను.

అవతారిక

ఈ పద్యము రచించిన కవి పేరు చెప్పము. చెప్పినచో తరువాతి సినిమాకు చందా అడుగును. పాల్వంచలో బీటెక్ పూర్తయి, కేటీపీఎస్ థర్మల్ విద్యుత్కేంద్రములో కాంట్రాక్టు పనియో హైదరాబాదు బస్సో తేలక నడుమ నిలిచిన కుర్రవారు కొందరు కిన్నెరసాని వైపు ఒక చిన్న సినిమా తీయబూనిరి. టైటిల్స్ వేయు దినమున లెక్క చూడగా కార్డులు ఎక్కువ, మనుషులు తక్కువ. పరిశ్రమవారు సినిమాకు ఇరవై నాలుగు క్రాఫ్ట్‌లని లెక్క కట్టియున్నారు. ఇచట ఒకే ఆటోలో అన్ని క్రాఫ్ట్‌లును పట్టినవి. ఒకే పేరు వరుసగా ఏడు కార్డులలో వేసిన నవ్వుదురని తలచి, వారిలో ఛందస్సు తెలిసినవాడు కార్డులన్నిటిని నాలుగు పాదములకు కుదించెను. ఆ పద్యమునకు ఈ టీక.

టీకాకారులకు చక్రవర్తి మల్లినాథసూరి మనవాడే; మెదకు దగ్గరి కొల్చారము ఆయన ఊరు. కాళిదాసు కావ్యములకు సంజీవని, భారవికి ఘంటాపథము, మాఘునికి సర్వంకష అని తన టీకలకు పేర్లు పెట్టెను. మూలములో లేనిది రాయననియు, అక్కరలేనిది చెప్పననియు ప్రతిజ్ఞ చేసెను. పేరు పెట్టుటలో ఆయనను అనుసరించితిమి. ప్రతిజ్ఞ మా వల్ల కాదు. థర్మాకోల్ షీటుకు సొంత వెలుగు లేదు, ఎండను పట్టి నటుని మొగము మీదికి తోయును, దానిని పట్టుకొన్నవాడు ఫ్రేములో కనబడడు. టీకాకారుని పనియు అంతియే కావున దీనికి థర్మాకోలీయమని పేరు.

ప్రతిపదార్థము

కథయు = ఇంకను పూర్తికాని కథయును; మాట = షాటుకు ముందు అరచేతిలో రాసికొన్న డైలాగును; పాట = సినిమా కన్న ముందు యూట్యూబులో పెట్టదలచిన పాటయును; కట్టెద నేను = నేనే కట్టెదను; అన్న = అని మాట జారిన; వాడె = ఆ మొదటివాడే; కెమెర = రోజు అద్దెకు తెచ్చిన కెమెరాను; పట్టె = భుజమున మోసెను; వాడె = మరల వాడే, వేరొకడు దొరకలేదు; కోసె = ఎడిటింగు చేసెను; అమ్మ = జనని; వండిపెట్టె = తిట్టుచు వండి, తిట్టుచు పెట్టెను; అన్నయ్య = తోబుట్టువు కాకున్నను అట్లు పిలువబడువాడు; బండి = ఆటోను; ఇచ్చె = సాయంత్రము ఆరింటికి తెచ్చి అప్పగించు షరతుపై ఇచ్చెను; ఊరు = ఊరిజనము; నటన చేసె = నటించెను; ఉచితముగను = దీనికి రెండర్థములు కలవు, అవి తరువాత.

కొందరు ఛాందసులు ‘కోసె’ తరువాత ‘అమ్మ’ వచ్చినపుడు సంధి చేసి ‘నమ్మ’ అనవలెను గదా, పాదాంతమున అచ్చును విడిచితిరేమని ఆక్షేపింతురు. అది సంధి దోషము కాదు, జంప్ కట్.

పాఠాంతరము. ఒక ప్రతిలో మూడవ పాదము ‘మెస్సు వండిపెట్టె, నన్నయ్య బండిచ్చె’ అని ఉన్నది. గణములు సరిపోయినను యతి చెడినది. అంతకన్న ముఖ్యము, మెస్సు అప్పు పెట్టదు. కావున ‘అమ్మ’ అను పాఠమే సాధువు.

వ్యాఖ్య

‘కట్టెద నేనన్న’. ఇచట పూర్వపక్షి లేచి, ఈ పద్యములో నిర్మాత ఏడి? నిర్మాత లేక సినిమా ఎట్లుండును? అని అడుగును. చెప్పెదము. కట్టుట యనగా కూర్చుట. కథ కట్టుట, పాట కట్టుట. కట్టుట యనగా చెల్లించుటయును. కిస్తీ కట్టుట, వడ్డీ కట్టుట. కవి ఒకే క్రియలో రచయితను, నిర్మాతను దాచెను. ఇది చమత్కారము కోసము చేసినది కాదు. చిన్న సినిమాలో ఆ ఇద్దరును ఒకే చొక్కాలో తిరుగుదురు. నేను కట్టెదనని నోరు జారినవాడే కథకుడు, వాడి తండ్రి పీఎఫ్ సొమ్మే ఫైనాన్స్.

ఈ శ్లేష పెద్దవారి విషయములోను చెల్లును. 2018 సెప్టెంబరు 7న విడుదలైన ‘కేరాఫ్ కంచరపాలెం’ నిర్మాత పరుచూరి ప్రవీణగారు అమెరికాలో గుండె వైద్యురాలు. సొమ్ము కట్టుటతో ఊరుకొనక సలీమా పాత్రయు తానే ధరించెను. నిర్మాత పేరు నిర్మాణ కార్డులో ఒకసారి, తారాగణములో ఒకసారి వచ్చినది. ‘సమర్పణ’ అను కార్డు మాత్రము సురేష్ ప్రొడక్షన్స్‌ది. రానాగారు చూచి మెచ్చి విడుదలకు పూనుకొన్నది సినిమా తయారైన పిమ్మటనే. మన పద్యములో సమర్పకుడు లేకుండుటకు కారణమిదియే. సమర్పకుడు పద్యము పూర్తయిన తరువాత వచ్చు జీవి.

సొమ్ము కట్టువాడు ప్రభుత్వమైనను ఇదే గతి. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలీ’ (1955) సొమ్ము లేక ఆగిపోగా పశ్చిమ బెంగాలు ప్రభుత్వము ఆదుకొన్నది. సినిమాకని పద్దు లేనందున దానిని రోడ్ల బాగుచేత కింద రాసికొన్నారు. పేరులో పథమున్నది గదా అని గుమాస్తా సమాధానపడియుండవచ్చును. మన పాల్వంచ రోడ్ల స్థితి చూచినవారు ఆ పద్దులో ఇంకెన్ని సినిమాలు దాగియున్నవో అని అనుమానింతురు. అది అప్రస్తుతము.

‘వాడె కెమెర పట్టె’. పూర్వపక్షి మరల లేచును: అనుభవము లేనివాడు పట్టవచ్చునా? ఆ ‘పథేర్ పాంచాలీ’ మొదలుపెట్టిన నాటికి దాని కెమెరామన్ సుబ్రత మిత్ర వయసు 21. అంతకు ముందు సినిమా కెమెరా తిప్పినవాడు కాడు. ఆయన తీసిన రెల్లుపూల నడుమ రైలును ఈనాటికి ప్రపంచము చూచుచున్నది. దీనిని బట్టి పట్టిన ప్రతివాడును సుబ్రత మిత్ర అగునని అనుకొనరాదు. మనవాడు పట్టిన మొదటి రోజు రికార్డు బటను నొక్కలేదు.

‘వాడె కోసె’. తాను తీసినదానిని తానే కోయుట కన్నబిడ్డకు గుండు చేయించుట వంటిదని ఒక వ్యాఖ్యాత. మేము ఉపమానముల జోలికి పోము. కోయనందున గంటన్నర కథ రెండున్నర గంటలైనదని మాత్రము నమోదు చేయుచున్నాము.

ఈ రెండు పాదములలో ఒకే కర్త, క్రియలు అనేకము. దీనిని ఆలంకారికులు కారకదీపకమందురు. పరిశ్రమవారు బడ్జెట్ అందురు. శబ్దగ్రాహకుడు పద్యములో లేనే లేడు. భద్రాచలం రోడ్డు మీద బొగ్గు లారీలు తిరుగుచుండగా సింక్ సౌండ్ అసాధ్యమని గ్రహించి కవి మౌనము వహించెను. మౌనమే ఇచట ధ్వని.

‘అన్నయ్య బండిచ్చె’. ఇచ్చినది బండి మాత్రమే. పెట్రోలు మూలములో లేదు. ఆటోయే క్రేను, ఆటోయే ట్రాలీ, ఆటోయే నాయిక బట్టలు మార్చుకొను కారవాన్. ప్రవీణ్ కండ్రేగుల దర్శకత్వములో 2021 మే 14న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘సినిమా బండి’ కథయే ఇది. ఆటోలో ఎవరో మరచిపోయిన కెమెరా దొరకగా వీరబాబు అను డ్రైవరు ఊరివారితో సినిమా తీయ సంకల్పించును. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీయు గణ కెమెరామన్ అగును. రాజ్, డీకేలు నిర్మించిన ఆ సినిమా చూచి మనవారు, మన గురించి తీసినారు గదరా, మనకు రాయల్టీ రాదా అని చర్చించుకొన్నారు. రాదు.

బండి పోవు దారి కూడ టీకకు తగినదే. పాల్వంచ నుండి యానంబైలు కిన్నెరసాని జలాశయమునకు పదీపన్నెండు కిలోమీటర్లు. కేటీపీఎస్‌కు నీరిచ్చు ఆ జలాశయము అభయారణ్యములో ఉన్నది కావున అటవీశాఖ అనుమతి లేక కెమెరా పెట్టరాదు. నీటిలో మొసళ్ళున్నవి. నాయకుడు నీటిలో నడచుచు పాడవలెనని దర్శకుడు కోరగా నాయకుడు పాటను గట్టుపైకి మార్చెను. తెలుగు సినిమాలో నటుని సూచనపై స్క్రిప్టు మారుట కొత్త కాదు గాని, ఇంత సకారణముగ మారుట అరుదు. హైదరాబాదు నుండి వచ్చు మేకప్‌మన్‌ను ‘భద్రాచలం రోడ్’ స్టేషనులో దిగుమనిరి. అది కొత్తగూడెము స్టేషను పేరని ఆయనకు చెప్పలేదు. ఆయన దిగి, గోదావరి ఎటు? అని అడిగెను. గోదావరి అచటికి నలభై కిలోమీటర్ల దూరము.

పెద్ద సినిమావారు ఈ ప్రాంతమునకు నీటి మీద వచ్చుట ఆచారము. బాపుగారి ‘అందాల రాముడు’ (1973), శేఖర్ కమ్ములగారి ‘గోదావరి’ (2006) రెండును భద్రాద్రి రాముని దిక్కుగా లాంచీలో కథ నడిపినవి. లాంచీలో వచ్చినవారికి కంటిన్యుటీ సమస్య లేదు, గోదావరి కదులుచునే ఉండును. మనవారిది రోడ్డు కథ, వెనుక కేటీపీఎస్ ఉన్నది. ఎవరైనను తమ నాయకుని పాత ప్లాంటు కూలింగ్ టవర్ల ముందు నిలబెట్టి సగము సన్నివేశము తీసి, మిగిలిన సగము డబ్బు వచ్చిన తరువాత తీయుదమని వాయిదా వేసియుండిన, 2024 ఆగస్టు 5 తరువాత వారి గతి ఏమి? ఆ దినమున ఆ టవర్లు ఎనిమిదింటిని పేల్చి కూల్చిరి. క్లోజప్‌లో ఎనిమిది టవర్లు, రివర్స్ షాటులో ఆకాశము. ప్రేక్షకుడు దానిని నాయకుని అంతరంగ శూన్యతకు సంకేతముగ గ్రహించునని ఆశింపవలెను. ఫిల్మ్ ఫెస్టివల్‌లో తప్పక గ్రహించును.

‘అమ్మ వండిపెట్టె’. షష్ఠీ విభక్తి లేదు. ఎవరి అమ్మ? పెద్ద వాకిలి ఎవరి ఇంటికున్నదో వారి అమ్మ. ప్రొడక్షన్, క్యాటరింగు, వార్డ్‌రోబ్, ప్రాథమిక చికిత్స అను నాలుగు శాఖలు ఆమెవి. ఒక సన్నివేశమునకు ఆమె పెళ్ళినాటి పట్టుచీరయే కర్టెను. సెన్సారుకు పోవు ప్రతిలో ఆమె పేరు ‘కృతజ్ఞతలు’ అను కార్డులో, ఫలానావారి తల్లిగారు అని ఉన్నది. పేరు ఎందుకు వేయలేదురా అని మేము అడుగగా వాడు, అమ్మ పేరు స్పెల్లింగు ఆధార్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి సార్, అని జవాబిచ్చెను. మాకిది జవాబుగా తోచలేదు.

నాయిక ఏది? నాలుగు పాదములలో స్త్రీ అమ్మ ఒక్కతియే. కవి మరచెనా? మరువలేదు, అప్పటికి దొరకలేదు. ఈ చిక్కు పాల్వంచది మాత్రమే కాదు. దోమాలపల్లి రజనీష్‌గారు కంప్యూటర్ ఇంజినీరు. కొలంబియా విశ్వవిద్యాలయములో తన ఎంఎఫ్ఏ థీసిస్‌గా ‘వనజ’ (2006) తీసెను. నటులు కావలెనన్న ప్రకటనకు ఆడవారు రానందున ఇంటిపనికి మనిషి కావలెనని ప్రకటన వేయవలసి వచ్చినది. దొరసాని రమాదేవి పాత్రకు ఊర్మిళా దమ్మన్నగారి ఆ దారిన దొరికిరి. ఆలోచింపుడు. గిన్నెలు తోముటకు పిలిచినచో గౌరవముగ వత్తురు, నటించుటకు పిలిచినచో తలుపు వేయుదురు. తీరా వచ్చినవారిని గడీ దొరసానిగ కుర్చీలో కూర్చుండబెట్టిరి. ఇంత మంచి కథ ఆ సినిమాలోపల కూడ లేదు. ‘సినిమా బండి’లోను మొదట అనుకొన్న నాయిక చేజారగా కూరగాయలమ్ము మంగయే నాయిక అగును. మనవారికి చివరకు నాయిక ఎట్లు దొరకెనో మూలములో లేదు కావున, ఈ ఒక్కచోట మల్లినాథుని ప్రతిజ్ఞ పాటించెదము.

‘ఊరు నటన చేసె నుచితముగను’. ఇది పద్యమునకు ప్రాణము.

ఊరు నటింపజాలదు, ఊరిలోని మనుషులే నటింతురు గదా అన్నచో, గంగలో పల్లె అన్నపుడు గంగ ఒడ్డున అని గ్రహించినట్లు ఇచట లక్షణ. ఈ లక్షణకు తెలుగున లక్ష్యములు కలవు. ‘మాభూమి’ 1980 మార్చి 23న విడుదలైనది. నిర్మాతలలో ఒకరు బి. నరసింగరావుగారు, దర్శకుడు గౌతమ్ ఘోష్, వంగదేశీయుడు. సాయిచంద్‌కు అదే తొలి సినిమా, తెలంగాణ శకుంతలకును అదే తొలి సినిమా. గద్దర్ బండి వెనుక బండి పాట పాడుచు తెరపై నడచెను. భాష రాని దర్శకుడు తెలంగాణ పల్లెను అంత నిక్కముగ ఎట్లు పట్టెనని అందరును ఆశ్చర్యపడుదురు. ఆయన పట్టలేదు, పల్లె తానే నిలబడినది. కంచరపాలెములోను దర్శకుడు వెంకటేష్ మహా ఆ పేటవారినే పదులకొలది తెరకెక్కించెను.

ఇపుడు ‘ఉచితముగను’. ఒక అర్థము తగినట్లుగ, ఔచిత్యముతో. రెండవ అర్థము పైసలు లేక. విమర్శకులు మొదటి అర్థమునే గ్రహించి, సహజ నటన, నటించినట్లే లేదు, జీవించినారు అని రాయుదురు. మాకు ఈ మెప్పుపై కొంత ఆక్షేపణ కలదు. నటించినట్లే లేదనుట, పని చేసినట్లే లేదనుటకు ఎంతో దూరము లేదు. పని చేయనివానికి కూలి ఎందుకు? ఒక అర్థము నుండి రెండవ అర్థములోనికి ఇట్లు జారుదురు. ‘వనజ’లో మమతా భూక్యా అను బాలిక కూచిపూడి ఆడుట చూచి సహజమనిరి, దాని వెనుక దర్శకుని ఇంటి బేస్‌మెంటులో ఏడాదిపాటు చేసిన సాధన ఉన్నది. ఆ సినిమాకు 2007 బెర్లిన్‌లో తొలిచిత్ర పురస్కారము వచ్చినది. ఏడాది చెమటను సహజమనుట ఒకవిధముగ ఎగవేతయే.

ఇక పాల్వంచ లెక్కకు వత్తము. కుర్రవారి షూటింగు ఏప్రిల్, మే నెలలలో. అడవి పక్క పల్లెలకు అదే తునికాకు కాలము. వేకువనే అడవికి పోయి ఆకు కోసి, ఇంటికి తెచ్చి, యాభై ఆకులకొక కట్ట చొప్పున కట్టి, కల్లములో అప్పగింతురు. కట్టకింత అని సొమ్ము. ఏడాదిలో చేతికి రొక్కము ఆడు రోజులవి. దర్శకునికి కావలసిన మెత్తని వెలుగు కూడ తెల్లవారుజామునే వచ్చును. ఎనిమిది దాటిన ఎండ కెమెరాకు పనికిరాదు, ఆకు కోయువారికి పనికిరాదు. సూర్యుడొక్కడు, పిలుపులు రెండు. గుంపు సన్నివేశములో వెనుక నడచిపోవు అవ్వ ఆ ఉదయము అడవికి పోలేదు. దానిని ఉచితమనరాదు. ఆమె కట్టని కట్టలతో చెల్లించినది. అందుచేత ‘కట్టెద’ అను క్రియకు కర్త మొదటి పాదములోని వాడొక్కడే కాదని మా సిద్ధాంతము. వాడు తండ్రి పీఎఫ్ కట్టెను, ఆమె తునికాకు కట్టలు కట్టనందున కట్టెను. కవికి ఈ అర్థము తెలియునా? తెలియదు. తెలిసియుండిన టీ, బిస్కట్‌తో పాటు బేటా కూడ ఇచ్చియుండును.

పరదేశములో ఇంకొక ఉదాహరణము కలదు. డి సికా ‘బైసికిల్ థీవ్స్’ (1948) తీయునపుడు, కారీ గ్రాంట్‌ను పెట్టిన డబ్బిత్తుమని హాలీవుడ్ నుండి మాట వచ్చినది. ఆయన ఒప్పుకొనక లాంబెర్తో మజొరానీ అను ఫ్యాక్టరీ కార్మికుని నాయకునిగ నిలిపెను. లోకము నీరాజనము పట్టినది. తరువాత ఆ కార్మికుని ఫ్యాక్టరీ పని నుండి తీసివేసినది. సినిమాతో బాగా గడించెనని అచటివారి ఊహ. ఉద్యోగము నిలుపుకొనుటకు పోయిన సైకిలును వెదకు పాత్ర వేసినవాడు ఉద్యోగమునే వెదకెను. దానికి ఏ అలంకారమని మమ్ము అడుగకుడు.

తాత్పర్యము

పాల్వంచలో ఒకడు, తానే రాసి తానే పెట్టుబడి పెట్టి తానే తీసి తానే కోసి, తల్లి వంటతో, అన్న ఆటోతో, కూలి పోగొట్టుకొన్న జనముతో ఒక సినిమా పూర్తి చేసెనని భావము. పదవ తరగతి గైడులో నాలుగు మార్కులకు ఇంతవరకు రాసిన చాలును.

గ్రంథసమాప్తి

ఈ సినిమాకు రెండవ పద్యము కలదనియు, అది విడుదలను గూర్చినదనియు విందుము. దానికిని టీక రాయుమని మమ్ము కోరిరి. ఆ పద్యము హార్డ్ డిస్కులో ఉన్నది. హార్డ్ డిస్కు డబ్బింగ్ స్టూడియోలో ఉన్నది. స్టూడియోవారికి బాకీ ఉన్నది.